ఆడియో బయటపడితే రాజీనామా అంటున్నారు, చెరువు తెగినప్పుడు ఎవరూ అడగలేదేం?

చెరువుగట్టు (ప్రశ్న)

మా నియోజకవర్గం పేరు, ఎమ్మెల్యే పేరు చెప్పను. చెప్పగానే ఆయనది ఏ పార్టీ అన్నదాని మీద గొడవ మొదలై నా ప్రశ్న గల్లంతవుతుంది.

మా ఊరి చెరువు తూము పక్కన కట్ట కుంగి చాలా కాలమైంది. అక్కడ ఎండాకాలంలో కూడా తడి ఆరదు, నీళ్లు ఊరుతూనే ఉంటాయి. షట్టర్ స్క్రూ రాడ్ వంగిపోయింది కాబట్టి తూము పూర్తిగా మూసుకోదు, పూర్తిగా తెరుచుకోదు. మా నాన్న, ఆయకట్టు రైతులు కొందరు కలిసి క్యాంపు ఆఫీసుకు వెళ్లి అర్జీ ఇచ్చారు. పీఏ తీసుకుని "సార్ దృష్టిలో పెడతాం" అన్నాడు. ఇరిగేషన్ ఏఈని అడిగితే అంచనా వేసి పైకి పంపామని, ఎమ్మెల్యే గారు ఒక మాట అంటే ఫైలు కదులుతుందని చెప్పాడు. ఆ మాట ఎవరూ అనలేదు. ఈసారి వానలకు చెరువు నిండింది. సరిగ్గా ఆ కుంగిన చోటే తెల్లవారుజామున గండి పడింది. మనుషులకేం కాలేదు, అది నయం. మా రెండెకరాల్లో మోకాలెత్తు ఇసుక మేట వేసింది. నాటు వేసి నెల కూడా కాని పొలం. ఇప్పుడు అక్కడ గట్లు ఎక్కడున్నాయో కూడా తెలియడం లేదు.

ఆ వారమంతా ఎమ్మెల్యే ఫోన్ స్విచ్చాఫ్. తహసీల్దార్ వచ్చాడు, వీఆర్వో వచ్చి రాసుకుపోయాడు. ఈయన రాలేదు. హైదరాబాద్‌లో పనుందని అనుచరులు చెప్పారు.

తర్వాత ఒక ఆడియో బయటికొచ్చింది. ఒకావిడతో ఆయన మాట్లాడిన మాటలట. అందులో తాను ఎక్కడో రిసార్టులో ఉన్నట్టు ఆయనే అంటాడు. ఇక చూడండి, యూట్యూబ్ చానళ్లన్నీ మా ఊరి దారి పట్టాయి. మండల సెంటర్లో దిష్టిబొమ్మ తగలబెట్టారు. నైతిక బాధ్యత వహించి రాజీనామా చేయాలని టెంటు వేశారు. ఆ టెంటు కింద కూర్చున్న వాళ్లలో ఒక్కరూ చెరువు మాట ఎత్తలేదు. మైకు పట్టుకుని వచ్చినవాడు మా నాన్నను కూడా ఆ ఆడియో గురించే అడిగాడు. "ఆయన ఎవరితో మాట్లాడుకుంటే మాకెందుకయ్యా, ఆ వారం ఊళ్లోకి ఎందుకు రాలేదో అది అడుగు" అన్నాడు నాన్న. ఆ ముక్క వాళ్లు కత్తిరించేశారు.

ఇంతకీ నేను అడిగేది, ఇలాంటప్పుడు రాజీనామా అడగడం సబబేనా? సబబైతే దేనికి అడగాలి?

కృష్ణలంక_కుర్రోడు

అడగండి, చేస్తారు. చేసి మళ్లీ వస్తారు. మన దేశంలో రాజీనామా అంటే సెలవు చీటీ.

2012 ఫిబ్రవరిలో కర్ణాటక అసెంబ్లీ జరుగుతుండగా మొబైల్లో అశ్లీల వీడియో చూస్తూ మంత్రులు కెమెరాకు దొరికిపోయారు. మర్నాడే ముగ్గురు రాజీనామా చేశారు. వాళ్లలో లక్ష్మణ్ సవది 2018లో ఎమ్మెల్యేగా ఓడిపోయాడు కూడా. అయినా 2019 ఆగస్టులో ఏకంగా ఉప ముఖ్యమంత్రి.

పని విషయంలో పోయినవాళ్లదీ అదే కథ. 2008లో ముంబై దాడుల తర్వాత మహారాష్ట్ర హోం మంత్రి ఆర్.ఆర్. పాటిల్, పెద్ద నగరాల్లో ఇలాంటి చిన్న చిన్న ఘటనలు జరుగుతుంటాయని నోరు జారి పదవి పోగొట్టుకున్నాడు. ఏడాది తిరక్కుండానే మళ్లీ అదే హోం శాఖ. ముఖ్యమంత్రి విలాస్‌రావ్ దేశ్‌ముఖ్ అయితే కాలిపోయిన తాజ్ హోటల్ చూడ్డానికి కొడుకునీ, మన రామ్ గోపాల్ వర్మనీ వెంటేసుకుని వెళ్లాడు. అది టీవీల్లో చూసి జనం మండిపడ్డారు, పదవి పోయింది. 2009 మేలో కేంద్ర మంత్రి అయ్యాడు.

మీ ఎమ్మెల్యే దిగితే ఉప ఎన్నికలో వాళ్లావిడ నిలబడుతుంది, లేదా తమ్ముడు. క్యాంపు ఆఫీసు అదే, పీఏ అదే.

పాత_డెస్కు

అమ్మా, నేను పత్రిక డెస్కులో ఇరవై ఏళ్లకు పైగా చేసి బయటికొచ్చినవాణ్ణి. రాజీనామా వార్తలు చాలా దిద్దాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక చేసుకోండి.

2009 డిసెంబర్ 25. క్రిస్మస్ సెలవు కాబట్టి డెస్కులో సగం కుర్చీలు ఖాళీ. ఒక తెలుగు చానల్ రాజ్‌భవన్ వీడియో అంటూ మొదలుపెట్టింది. అప్పటి గవర్నర్ ఎన్.డి. తివారీ. యూపీకి మూడుసార్లు, ఉత్తరాఖండ్‌కు ఒకసారి ముఖ్యమంత్రిగా చేసిన మనిషి, వయసు 84. ఆ వీడియో కల్పితమని రాజ్‌భవన్ ఖండించింది. ప్రసారం ఆపమని హైకోర్టు చెప్పింది. అయినా మర్నాటికల్లా ఆయన రాజీనామా ఇచ్చేశారు. ఆరోగ్యం బాగాలేదన్నది చెప్పిన కారణం.

నేను చెప్పదలచుకున్నది ఆ రాత్రి మా పేజీ సంగతి. ఆ అక్టోబర్‌లోనే తుంగభద్ర పొంగి కర్నూలు ఊరికి ఊరు మునిగింది. గుర్తుండే ఉంటుంది. ఆ జిల్లా నుంచి మా విలేకరి ఒకాయన వార్త పంపాడు. ఇళ్లు పోయినవాళ్లు డిసెంబర్ చలిలో ఇంకా గుడారాల్లోనే ఉన్నారని, ఫొటోతో సహా. మొదటి పేజీ కింది భాగంలో పెడదామనుకున్నాం. రాజ్‌భవన్ వార్త పెరిగినకొద్దీ అది లోపలి పేజీకి పోయింది. అక్కణ్నుంచి జిల్లా ఎడిషన్‌కి. చివరికి ఫొటో తీసేసి సింగిల్ కాలమ్. పొద్దున్నే ఆయన ఫోన్ చేసి "ఏం సార్, మావాళ్లు మునిగినప్పుడు బ్యానరు, చలికి వణుకుతుంటే సింగిల్ కాలమా?" అన్నాడు. మా దగ్గర జవాబేముంది?

మీ నాన్నగారి మాట కత్తిరించడం కూడా అదే పని. ఆ చానలువాళ్లు కొత్తగా కనిపెట్టిందేం కాదు.

ఇంకో సంగతి గమనించండి. అది మామూలు డిసెంబరా? 9న తెలంగాణ రాష్ట్రం ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని కేంద్ర హోం మంత్రి చిదంబరం ప్రకటించారు. 23న మాట మార్చారు. రాష్ట్రం రెండు వైపులా భగ్గుమంటోంది. గవర్నర్ ఏం చేస్తున్నారు, ఢిల్లీకి ఏం రాస్తున్నారు అని అడగాల్సిన రోజులవి. వీడియో వచ్చాక ఆ ప్రశ్నే లేకుండా పోయింది. ఆయన వెళ్లారు, నరసింహన్ వచ్చారు, ఢిల్లీకి ఒక తలనొప్పి తగ్గింది. అందుకే అంటాను, వ్యక్తిగత రచ్చకు వచ్చే రాజీనామా పార్టీకి మేలు చేసినంతగా జనానికి చేయదు. అది ఎంత త్వరగా వస్తే పని గురించిన ప్రశ్నకు అంత త్వరగా నీళ్లొదిలేస్తారు.

మనవాళ్లు పని విషయంలో ఎప్పుడూ దిగలేదనుకుంటే పొరపాటు. 1964లో నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి. కర్నూలు జిల్లాలో బస్సు రూట్ల జాతీయీకరణ మీద ప్రైవేటు బస్సుల వాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. తమ మీద రాజకీయ కక్షతోనే ఇది చేశారని వాళ్ల ఆరోపణ. దానికి ఎదురు అఫిడవిట్ వేయలేదని కోర్టు వ్యాఖ్యానించింది. అంతే, దిగిపోయారు. పదవి పట్టుకుని వేలాడాలనుకుంటే వేలాడొచ్చు, కోర్టు ఆయన్ను దిగమనలేదు. 1992లో నేదురుమల్లి జనార్దనరెడ్డి కూడా అంతే. ప్రైవేటు మెడికల్, డెంటల్ కాలేజీల అనుమతులను హైకోర్టు కొట్టేయడంతో రాజీనామా చేశారు. ఈ రెండింట్లోనూ పడగ్గది లేదు, ఆడియో లేదు. ఒకటి బస్సు రూట్లు, రెండోది కాలేజీ ఫైళ్లు.

కృష్ణలంక తమ్ముడు అన్నట్టు వాళ్లూ తిరిగొచ్చారు. సంజీవరెడ్డి ఆ జూన్‌లోనే శాస్త్రి క్యాబినెట్లో ఉక్కు శాఖ మంత్రి, తర్వాత రాష్ట్రపతి. నేదురుమల్లి తర్వాత ఎంపీ అయ్యారు. తిరిగి రావడం నాకు తప్పుగా కనిపించదు. ఒకసారి దిగితే జీవితాంతం గడప తొక్కనివ్వరంటే ఎవడు దిగుతాడు? చచ్చినా కుర్చీ వదలరు. ఏ కారణానికి దిగాడో అది తేలిందా, తేలాకే తిరిగొచ్చాడా అన్నదే నేను చూసేది.

శాస్త్రి పేరు వచ్చింది కాబట్టి ఒక ముక్క. అందరూ అరియలూరు ప్రమాదం చెబుతారు, అది 1956 నవంబర్. అంతకు ముందు సెప్టెంబర్‌లో మన మహబూబ్‌నగర్ దగ్గర, జడ్చర్ల దాటాక, వంతెన కూలి రైలు వాగులో పడింది. వందమందికి పైగా పోయారు. రైల్వే మంత్రి శాస్త్రి అప్పుడే రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. రెండోసారి ఒప్పుకున్నారు. ఆ రైలును శాస్త్రి నడపలేదు, ఆ వంతెనను ఆయన కట్టలేదు. అయినా ఆ శాఖ తనది.

ఇప్పుడు మీ ప్రశ్నకు. మీ ఎమ్మెల్యే మంత్రి కాదు. మంత్రి అయితే శాఖ ఉంటుంది, ఆ శాఖ వదలమని అడగొచ్చు. ఎమ్మెల్యే సీటు మీరు ఓటేసి ఇచ్చింది. ఆడియోలో ఉన్నది ఇద్దరు పెద్దవాళ్ల ఇష్టపూర్వకమైన మాటలే అయితే అది వాళ్ల ఇంటి పంచాయితీ, నేను రాజీనామా అడగను. అర్జీ తీసుకుని కదలకపోవడం, గండి పడ్డాక మొహం చాటేయడం, హైదరాబాద్‌లో పనని అబద్ధం చెప్పించడం మాత్రం మీ పంచాయితీ. ముందు సంజాయిషీ అడగండి, ఊరి నడిబొడ్డున, అందరి ముందు. అది ఇవ్వకపోతే అప్పుడు రాజీనామా అడగండి, చెరువు పేరు పెట్టి అడగండి.

లెస్టర్_బావ

డెస్కు గారూ, ఇంటి పంచాయితీ అని అంత తేలిగ్గా తీసేయలేమండి. నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. 2021 జూన్‌లో ఇక్కడి ఆరోగ్య మంత్రి మ్యాట్ హాన్‌కాక్ తన ఆఫీసులోనే సహాయకురాలిని ముద్దు పెట్టుకుంటున్న సీసీటీవీ ఫొటో పేపర్లో వచ్చింది. మర్నాడు రాజీనామా. పైకి చూస్తే అది వ్యక్తిగతమే. కానీ ఆ ఫొటో మే మొదటి వారంలోది. అప్పటికి వేరే ఇంటి మనుషులతో గదిలో కలవకూడదు, దూరం పాటించాలి అని రూల్స్ పెట్టి, రోజూ టీవీలో చెప్పింది ఈయనే. ఆ రోజుల్లో మా వీధిలో ఒక గుజరాతీ పెద్దాయన పోతే అంత్యక్రియలకు లెక్కపెట్టి మనుషుల్ని రానిచ్చారు. ఆయన కూతుళ్లు వేర్వేరు ఇళ్లవాళ్లని దూరదూరంగా కూర్చోబెట్టారు. నేను మా గేటు దగ్గర నిలబడి దండం పెట్టుకున్నాను.

కాబట్టి ఇక్కడ జనానికి కోపం వచ్చింది ముద్దుకు కాదు. మాకొక రూలు, నీకొక రూలా అని. మీ ఎమ్మెల్యే ఆడియోలో రిసార్టు మాట ఉందన్నారు చూడండి, అదే పట్టుకోండి. ఆవిడెవరో, ఏం మాట్లాడుకున్నారో వదిలేయండి. ఆ ఒక్క వాక్యం చాలు, ఊరు మునిగినప్పుడు ఎక్కడున్నాడో తన నోటితోనే చెప్పుకున్నాడు.

హాన్‌కాక్ తర్వాత అడవిలో పురుగులు తినే టీవీ రియాలిటీ షోకి వెళ్లాడు లెండి. దానికి పార్టీ సస్పెండ్ చేసింది. ఎంపీగా ఉండి నియోజకవర్గం వదిలేసి షోకి వెళ్తావా అని. 2024లో పోటీ కూడా చేయలేదు.

మాజీ_సర్పంచ్

మగవాళ్లంతా ఆవిడెవరో వదిలేయండి అని ఎంత సులువుగా అంటున్నారో. నేను ఐదేళ్లు సర్పంచ్‌గా చేశాను. ఎమ్మెల్యే ఇంటి ముందు ఆడవాళ్లు ఎందుకు నిలబడతారో మీకు తెలుసా? పింఛను ఆగిందనో, అంగన్‌వాడీలో ఆయా పోస్టు కోసమో, మొగుడి మీద స్టేషన్‌లో కేసు తీసుకోవడం లేదనో వస్తారు. అలా వచ్చినావిడ నంబరు ఆయన ఫోన్లోకి ఎలా ఎక్కింది, ఆ మాటలు ఆవిడ ఇష్టంతో మాట్లాడిందా, పని కావాలంటే మాట్లాడక తప్పదని మాట్లాడిందా? ఇది తేలకుండా ఇద్దరు పెద్దవాళ్ల వ్యవహారం అని ఎలా అంటారు? అలాంటిదేమన్నా ఉంటే అది రాజీనామాతో పోయేది కాదు, కేసు పెట్టాల్సింది. విచారణ జరిగేటప్పుడు ఆయన కుర్చీలో ఉంటే ఎస్సై ఎవరి మాట వింటాడో చెప్పక్కర్లేదు. అప్పుడు దిగమని అడగడం న్యాయమే, ఆయన మంత్రి అయినా ఎమ్మెల్యే అయినా.

అలాంటిదేం లేకపోతే ఆవిడ పేరు కూడా ఎవరూ ఎత్తొద్దు. ఇప్పుడు మీ దగ్గర జరుగుతున్నది చూస్తే ఆయన బయట తిరుగుతుంటాడు, ఆవిడ మాత్రం ఇంట్లోంచి బయటికి రాలేకపోతూ ఉండి ఉంటుంది.

ఇక పని సంగతి. మా సర్పంచులకు గ్రామసభ పెట్టకపోతేనే పదవి పోతుందని చట్టంలో రాశారు. లెక్కలు తేడా వస్తే కలెక్టర్ నోటీసిచ్చి తీసేయొచ్చు. చెక్ పవర్ (పంచాయతీ చెక్కుల మీద సంతకం పెట్టే అధికారం) అయితే నాకు ఒకసారి మూడు నెలలు ఆపేశారు, వీధి లైట్ల బిల్లు గొడవలో. మరి ఎమ్మెల్యేకి? ఐదేళ్లు ఊరి మొహం చూడకపోయినా ఆపడానికి ఒక్క కాగితం లేదు. చిన్న పదవికి ఇన్ని ముళ్లకంచెలు, పెద్ద పదవికి గేటు కూడా లేదు.

చెరువుగట్టు తల్లీ, నువ్వు చేయాల్సింది ఒకటుంది. ఇరిగేషన్ డివిజన్ ఆఫీసుకి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు. తూముకు అంచనా ఏ తేదీన వేశారు, ఎవరికి పంపారు, ఎవరి టేబుల్ మీద ఆగింది, ఈ మూడూ అడుగు. ఏఈ నోటిమాటగా చెప్పింది రేపు కాదంటాడు. కాగితం మీద ఉంటే ఎమ్మెల్యే తప్పెంతో, ఇంజినీర్ల తప్పెంతో తేలుతుంది. అన్నీ ఆయన నెత్తిన వేసి ఆఫీసర్లు తప్పించుకోవడం నేను చాలాసార్లు చూశాను.

చెరువుగట్టు

అందరికీ థ్యాంక్స్. మాజీ సర్పంచ్ అక్కా, ఆవిడ గురించి మీరన్నది నిజం. మా ఊళ్లో ఆవిడ ఫొటో స్టేటస్‌లలో తిరుగుతోంది. మా తమ్ముడి ఫోన్లో ఉంటే తిట్టి తీయించాను. దరఖాస్తు నాన్న పేరు మీద రేపే పెడతాం.

డెస్కు గారూ, ఒక అనుమానం. ఎమ్మెల్యే రాకపోతే ఆపడానికి కాగితమే లేదని అక్క అన్నారు కదా. అసెంబ్లీకి అరవై రోజులు రాకపోతే పదవి పోతుందని ఈ మధ్య టీవీల్లో అంటున్నారు, అది నిజమేనా?

పాత_డెస్కు

రాజ్యాంగంలో 190వ అధికరణం నాలుగో క్లాజు. అనుమతి లేకుండా 60 రోజులు సభ సమావేశాలన్నిటికీ గైర్హాజరైతే ఆ సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చు. దానంతటది పోదు, సభ ప్రకటించాలి. పైగా వరసగా నాలుగు రోజులకు మించి సభ వాయిదా పడితే ఆ రోజులు లెక్కలోకి రావు. మన అసెంబ్లీలు ఏడాదిలో కూర్చునే రోజులెన్నో మీకు తెలుసు కదా, 60 నిండేసరికి ఎంత కాలం పడుతుందో మీరే లెక్కేసుకోండి. 2017 చివర్లో జగన్ పార్టీ సభను బహిష్కరించింది, 2021 నవంబర్‌లో చంద్రబాబు గెలిచాకే వస్తానని వెళ్లిపోయారు. ఇద్దరూ ఆ తర్వాత ముఖ్యమంత్రులుగా తిరిగొచ్చారు. సభకు రాకపోవడం ఓటరుకు పెద్ద తప్పుగా కనిపించడం లేదు, నాకది నచ్చకపోయినా ఉన్న మాట అది. మీ ఎమ్మెల్యే బహుశా అసెంబ్లీ హాజరులో బాగానే ఉండి ఉంటాడు. చెరువుకట్ట దగ్గర హాజరుపట్టీ లేదు మరి.

కృష్ణలంక_కుర్రోడు

రాజీనామా ఇచ్చినా అయిపోయినట్టు కాదు. స్పీకర్ ఫార్మాట్‌లో ఉండాలి, అది ఇష్టపూర్వకంగా ఇచ్చిందేనని స్పీకర్‌కు నమ్మకం కుదరాలి. 2009 డిసెంబర్‌లో రెండు ప్రాంతాల ఎమ్మెల్యేలూ కట్టలు కట్టలుగా ఇస్తే చాలావరకు అలాగే మూలన పడ్డాయి. తర్వాత ఆమోదించిన పన్నెండు తెలంగాణ సీట్లకు 2010 జూలైలో ఎన్నిక జరిగింది. 2021లో విశాఖ ఉక్కు కోసం గంటా శ్రీనివాసరావు ఇచ్చిన రాజీనామాను 2024 జనవరిలో, ఎన్నికలు ఇంకో మూడు నెలలుండగా ఆమోదించారు. కాబట్టి మీవాడు లేఖ పట్టుకుని ఫొటో దిగినా సంబరపడిపోకండి. ఏ అడ్రసుకు రాశాడో చూడండి. పార్టీ అధ్యక్షుడికి రాస్తే అది చెల్లదు.

చెరువుగట్టు

ఆయన లేఖేం ఇవ్వలేదు. నిన్న ప్రెస్‌మీట్ పెట్టి ఆడియో ఏఐతో చేసిందన్నాడు. చెరువు గురించి ఒక విలేకరి అడిగితే, అది కలెక్టర్ గారు చూసుకుంటున్నారని లేచి వెళ్లిపోయాడు. ఆ అడిగిన విలేకరిది చిన్న పేపరు, మా మండలమే. ఆయన నంబరు నాన్న తీసుకున్నాడు.